కాలువ అడుగున దిగే నీళ్లు ఎవరి వాటా?

ఇసుకలో చెలమ తీస్తే మంచినీళ్లు ఊరతాయని దివిసీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఏరు పైకి ఎండినట్టు కనిపించినా అడుగున ఇసుకలో, ఒండ్రులో నీళ్లు నెమ్మదిగా కదులుతూనే ఉంటాయి. పై ప్రవాహంలోంచి కిందికి దిగుతాయి, కొంత దూరం పోయి మళ్లీ పైకొస్తాయి. 1959లో రుమేనియా శాస్త్రవేత్త ట్రయాన్ ఓర్గిదాన్ ఈ అడుగు పొరకు 'హైపోరీక్' అని పేరు పెట్టాడు. చెలమ నీళ్లతో బతికిన మన అమ్మమ్మలకు ఆ పేరు తెలియదు గానీ దాని పని బాగా తెలుసు.

గుడివాడ దాటి బందరు వైపు, పులిగడ్డ దాటి నాగాయలంక వైపు వెళ్లేకొద్దీ భూమి కింద చాలాచోట్ల ఉన్నది ఉప్పునీరే. మంచినీరు తేలిక కాబట్టి దాని మీద పలచని పొరగా తేలుతుంది. ఆ పొరను నింపేవి వాన, వరిచేలో నిలిచే నీరు, కాలువ అడుగు నుంచి దిగే ఊట. సముద్రమట్టానికి పైన మంచినీటి మట్టం ఒక్క మీటరు తగ్గితే, కింద ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి జరుగుతుందని భూగర్భజల శాస్త్రం లెక్క. కాలువ పక్కన చేతిపంపు తియ్యగా, రెండు పొలాల అవతల పంపు ఉప్పగా ఉండడానికి కారణం ఇదే.

ఇంజనీర్ల రికార్డుల్లో మాత్రం ఈ ఊట పేరు 'నష్టం'. బ్యారేజీ దాటి పోయే నీటిని 'సముద్రంలోకి వృథా' అనడం కూడా ఇలాంటిదే. నదీముఖంలో ఉప్పును వెనక్కి నెట్టే పని ఆ నీరే చేస్తుంది. 1855 నాటి బెజవాడ ఆనకట్ట నుంచి 1957 నాటి ప్రకాశం బ్యారేజీ దాకా నీటి వాటాలన్నీ ఆయకట్టు ఎకరాల మీదే లెక్కగట్టారు. ఎకరం లేనివాడికి ఆ లెక్కలో చోటేది? కాలువ గట్టు మీదో, డ్రెయిన్ పక్క పోరంబోకులోనో గుడిసె వేసుకున్న మాలపల్లి, మాదిగపల్లి మనుషులకు అందింది రికార్డులో 'నష్టం'గా రాసిన ఈ నీరే. ఇప్పుడు ఆధునికీకరణ పేరుతో కాలువకు సిమెంటు లైనింగ్ వేస్తే ముందు ఆగిపోయేది ఆ ఊటే. లైనింగ్ అసలే వద్దని నేను అనడం లేదు. శివారు భూములకు నీళ్లు అందక నష్టపోయే చిన్న రైతుల్లో మనవాళ్లూ ఉన్నారు. కానీ ఎవరి బావి ఎండుతుందో చూడకుండా వేసే లైనింగ్‌ను అభివృద్ధి అనలేం.

ఆక్వా చెరువుల సంగతి మరీ దారుణం. చెరువు ఖాళీ చేసినప్పుడు వచ్చే బురదనీరు డ్రెయిన్లలోకి పోతుంది. అందులోని సన్నని మడ్డి అడుగున ఇసుక రేణువుల మధ్య సందులను మూసేస్తుంది. లోపల ఆక్సిజన్ అయిపోతే నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవుల పని మారిపోయి అమ్మోనియా పేరుకుంటుంది, ఇనుము, మాంగనీసు కరిగి నీళ్లలోకి వస్తాయి. ఎండాకాలం కాలువలు కట్టేశాక పోటు నీళ్లు డ్రెయిన్లలోకి ఎగదన్నితే, ఆ ఉప్పు పక్క నేలలోకే దిగుతుంది. వ్యవసాయ భూములను, ఊరి ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో జగన్నాథన్ కేసులో చెప్పింది. 2005 కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఆ తీర్పును నీరుగార్చింది. 2020లో రాష్ట్రం మరో అథారిటీకి చట్టం చేసింది. లైసెన్సులు చెరువుకు ఇస్తారు సరే, డ్రెయిన్ పక్క వాడలో బోరు ఉప్పెక్కితే జవాబుదారీ ఎవరు?

ఊళ్లో డబ్బున్నవాళ్లు క్యాన్ నీళ్లు కొనుక్కుంటారు. కూలి డబ్బుల్లోంచి అదే క్యాన్ కొనడం వేరే సంగతి. కృష్ణకు ఆవలి వైపు, చీరాల దగ్గరి కారంచేడులో 1985 జులై 17న మన మనుషులను చంపిన దాడికి ముందు గొడవ మొదలైంది మంచినీటి చెరువు దగ్గరే. మాదిగలు తాగే చెరువులో గేదెలను కడగొద్దని అడిగినందుకు. ఇప్పుడు మురికి కలిసేది కంటికి కనిపించని చోట, కాలువ అడుగున. అడ్డం పడి అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు.

కాబట్టి కొలవాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దిక్కు లేనిచోట 2000 దాకా అనుమతిస్తారు. చేతిలో పట్టే చిన్న టీడీఎస్ మీటరుతో ఏ విద్యార్థి అయినా దీన్ని చూడొచ్చు. కాలువలు కట్టేయకముందు ఒకసారి, మే నెలాఖరులో ఒకసారి, వాడలో ప్రతి పంపు దగ్గరా, కాలువకు ఎన్ని అడుగుల దూరమో రాసుకుంటూ చూడండి. కాంట్రాక్టరు సిమెంటు దించకముందే ఆ కాగితాలు గ్రామసభ ముందు ఉండాలి.