వంటింటి పద్దు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వారి కాలంలో మాడ్యులర్ కిచెన్ లేదు గనుక ఆ రెండింటితో సరిపెట్టారు గాని, ఉంటే మూడోదాన్ని కూడా తప్పకుండా చేర్చి ఉండేవారు. వంట, ఇల్లు అనే రెండు మాటలూ కలిసి వంటిల్లు అయినప్పుడు లోపించేది ఒక్క అకారమే. ఆ వంటిల్లు కాస్తా మాడ్యులర్ అయినప్పుడు ఏమేమి లోపిస్తాయో నేను పాఠం చెప్పే వ్యాకరణంలో లేదు. బ్యాంకు పుస్తకంలో ఉంటుంది.

మాది బెజవాడలో పాతికేళ్ళనాటి ఫ్లాటు. వంటగట్టు ఒక గోడ వెంట 10 అడుగులు, పక్క గోడ వెంట 6 అడుగులు. చీటీ పాడగా వచ్చిన సొమ్ము 4 లక్షలు. అందులో లక్షన్నర జూన్‌లో అబ్బాయి కాలేజీకి కట్టవలసినది. పోగా మిగిలింది రెండున్నర లక్షలు. దుకాణంవారు రాసిచ్చిన అంచనా చూస్తే 4,20,000 రూపాయలు! "అంతా ఒక్కసారే ఇవ్వనక్కరలేదు మేడమ్, నెలకింత చొప్పున కట్టుకోవచ్చు" అన్నాడు అక్కడి కుర్రవాడు మహా వినయంగా. నెలకింత అనేది వినడానికి చిన్నమాటే. దాన్ని నెలల సంఖ్యతో హెచ్చవేసి, పైరుసుములు కలిపి, రొక్కం ధర పక్కన పెట్టి చూస్తేగాని అది ఎంత పెద్దమాటో తెలియదు. అబ్బాయి ఫీజుకు ముట్టుకోకూడదని మావారూ నేనూ ముందే ఒక మాట అనుకున్నాం.

తమాషా ఏమిటంటే, ఈ అమరిక వంటిల్లు పుట్టింది కలిగినవారి కోసం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇళ్ళకు కరువు వచ్చి, నగరపాలకులు సామాన్యులకోసం చవకలో ఇళ్ళు కట్టించారు. ఆ ఇళ్ళకు 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్‌కీ అనే ఆస్ట్రియా దేశపు ఆవిడ ఒక వంటగదిని రూపొందించింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. ఇల్లాలు వంటచేస్తూ ఎన్ని అడుగులు నడవవలసి వస్తుందో లెక్కచూసి మరీ అమర్చింది. అలాంటివి సుమారు 10,000 వంటగదులు వెలిశాయి. ఆవిడ ఆదా చేసినవి రెండు: ఒకటి చోటు, రెండు ఇల్లాలి కాళ్ళు. తలుపుల నిగనిగలు తరవాతి మాట.

అంచేత నేను కేటలాగు మూసి, మా వంటింట్లోనే పద్దు మొదలుపెట్టాను. ఒక ఆదివారం పొద్దుటి కాఫీ మొదలు రాత్రి మజ్జిగ దాకా ఏ వస్తువు ఎన్నిసార్లు చేతికి వచ్చిందో కాగితంమీద గీతలు గీశాను. పోపులపెట్టె, కుక్కరు, మిక్సీ, పప్పుల డబ్బాలు గీతలతో నిండిపోయాయి. అటకమీది గంగాళం ఒక్కసారీ దిగలేదు. ఏడాదికోసారి దిగే గంగాళానికి అద్దంలాంటి తలుపు దేనికి? అటక తలుపులు కొట్టేశాను. ఆ డబ్బు కింది సొరుగులకు మళ్ళింది. వంగి, తల లోపలికి దూర్చి వెతికే బాధ తప్పించేవి అవే. అన్నట్టు, దుకాణానికి వెళ్ళేముందు మీ ఆవకాయ జాడీ ఎత్తు కొలుచుకోండి. తీగబుట్టల సొరుగులు పళ్ళేలకు బాగానే ఉంటాయి గాని, జాడీ వాటిలో నిలబడదు.

రెండోది నీళ్ళ సంగతి. పార్టికల్ బోర్డు, ఎమ్.డి.ఎఫ్. చూపుకు సొంపుగా ఉంటాయి, కాని తడి తగిలితే ఉబ్బుతాయి. సింకు చుట్టుపక్కల వాటిని రానివ్వకూడదు. చెక్కే కావాలంటే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డు అడగాలి. మనవైపు పాత ఇళ్ళలో గట్టుకింద కడప బండలతో అరలు కట్టారు గదా! అవి గట్టిగా ఉంటే పగలగొట్టించకండి. వాటికి చెద పట్టదు, తడికి ఉబ్బవు. మా సింకువైపు అరలు అలాగే ఉంచి, ముందు తలుపులు మాత్రం బిగిస్తున్నాం.

మూడోది కొలత. ధర చదరపు అడుగుకు చెబుతారు గనుక కొలిచే పద్ధతి ముందే అడగాలి. మా గట్టు లోతు 2 అడుగులు. 10, 6 కలిపి 16 అడుగులని రాశారు. కాని రెండు గోడలూ కలిసే మూల ఆ లెక్కలో రెండుసార్లు పడింది. కింది అరల వరకు నిజమైన పొడవు 14 అడుగులే.

నాలుగోది ఎత్తు. నిటారుగా నిలబడి మోచేయి మడిస్తే, దానికి 4 నుంచి 6 అంగుళాలు కిందుగా గట్టు ఉండాలి. మావారు 5 అడుగుల 10 అంగుళాలు, నేను 5 అడుగుల 1 అంగుళం. వారు పొద్దున్న కాఫీ కలిపే మాట నిజమే. కాని కూరలు తరిగేది నేను గనుక పొయ్యివైపు గట్టు నా మోచేతినిబట్టే కడుతున్నారు. దీనికి వేరే ఖర్చేమీ లేదు. ఏళ్ళ తరబడి నడుంనొప్పి మాత్రం మిగులు.

ఇక పద్దు, పన్నులతో సహా:

గట్టుపని, గ్రానైటు, టైల్సు, నీటి గొట్టాలు, కరెంటు పాయింట్లు: 55,000
కింది సొరుగులు, తలుపులు: 95,000
పై అరలు: 45,000
సింకు, కుళాయి, చిమ్నీ: 30,000
చేతినిల్వ: 25,000
మొత్తం: 2,50,000

మొదటి పద్దు దుకాణం అంచనాలో అసలు లేదు సుమా! చెత్త మోసేవారి కూలి దగ్గరనుంచి అన్నీ మనమే చూసుకోవాలి. చెక్కపనికి ముందే మిక్సీకి, గ్రైండరుకు కరెంటు పాయింట్లు పెట్టించాలి. పొయ్యి వెలగని రోజుల్లో హోటలు భోజనాల ఖర్చు చేతినిల్వలోదే.

మీ లెక్కలు మావాటిలా ఉండనక్కరలేదు. ఎవరి చీటీ వారిది, ఎవరి గోడలు వారివి. దుకాణం దీపాలకింద అన్ని రంగులూ బాగానే ఉంటాయి. నీళ్ళు తగిలేచోట, వేడి తగిలేచోట, చెయ్యి తగిలేచోట డబ్బు పెట్టండి. కన్ను మాత్రమే తగిలేచోట బిగపట్టండి. బయానా ఇచ్చేముందు ఆ గట్టు దగ్గర మీ ఇంట్లో ఎవరు ఎక్కువసేపు నిలబడతారో చూసి, పద్దు కింద మొదటి సంతకం వారిచేత పెట్టించండి.