కారు కట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో వాటి సరసన కారు కట్టి చూడు అని మూడోది చేర్చవలసి వస్తున్నది. కొని చూడు కాదండోయ్, కట్టి చూడు!

మా మేనల్లుడు ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. వాడూ, వాడి మిత్రబృందం ఎనిమిదిమందీ కలిసి పందెంకారు ఒకటి కడతారట. తలకు 60 వేలు వాటా. ఎల్.బి.నగర్ అవతల చింతలకుంటలో ఉండే మా అక్క దగ్గర చిట్టీ పాడిన డబ్బు లక్ష ఉన్నది. అది వాడి చెల్లెలి కాలేజీ ఫీజుకని తీసిపెట్టినది. "నీ మాటయితే వింటాడురా" అంటూ అక్క వాణ్ణి చైతన్యపురికి, మా ఇంటికి తోలింది. సంధులూ సమాసాలూ చెప్పుకుని బతికేవాణ్ణి, గేర్లూ గొట్టాలూ నాకేం ఎరుక? అయినా మేనమామను గదా, తప్పుతుందా!

వాడు రాగానే బల్లమీద బొమ్మలు పరిచాడు. మొదటిది దొరల బండి. 1957లో ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ అనే ఆయన లోటస్ సెవెన్ అనే తేలికపాటి కారు తెచ్చాడు. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే దానిమీద కొనుగోలు పన్ను లేదు. కాని బిగించే విధానం రాసి ఇవ్వరాదని నిబంధన. అందుకని విప్పే విధానం అచ్చువేసి ఇచ్చి, చివరినుంచి వెనక్కి చదువుకోండి అన్నారని ఒక కథ చెప్పుకుంటారు. తెలివంటే అది! 1973లో అక్కడ ఆ పన్ను పోయి కొత్త పన్ను రావడంతో ఆ వెసులుబాటు పోయింది. ఆ ఏడే ఆ కారు హక్కులు కేటర్‌హాం వారి చేతికి వచ్చాయి. తర్వాత 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, 250 పౌన్లతో స్పోర్ట్సు కారు మీరే కట్టుకోండని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆ 250 అంకె దగ్గరే మావాడి కళ్లు మెరిశాయి.

"ఒరే, ఆయన లెక్క అక్కడి పాతసామాను లెక్క. వెనక చక్రాలు తిరిగే పాత ఫోర్డు అక్కడ వీధికొకటి దొరికేది. మన మారుతి 800కు ముందు చక్రాలు గదా తిరిగేది?" అన్నాను.

"ఓమ్నీ వాన్‌కు వెనక చక్రాలే మామయ్యా!" అన్నాడు టక్కున. పిల్లవాడు పాఠం బాగానే చదివాడు.

"కట్టిన తర్వాత దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుమీద నడుపుతావా?" అంది మా ఆవిడ కాఫీ ఇస్తూ. నడపరాదు. మనవద్ద బండి నమూనాకు ప్రభుత్వం ఒప్పుకున్న పరీక్షాసంస్థ ఆమోదం ఉండాలి. ఉన్న బండిని తయారీదారు నమూనాకు విరుద్ధంగా మార్చడం కూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కనక ఇది మైదానంలో తిరగవలసిన బండే. మనకు దగ్గరలో పందాల మైదానమంటే మలక్‌పేటది. అది గుర్రాలది! ఇక 2023 ఫిబ్రవరిలో హుసేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పందెం ప్రపంచస్థాయి డ్రైవర్లది, మనవాళ్లకు అందేది కాదు.

ఇలాంటి విద్యార్థుల బళ్లకు తగిన చోటు కోయంబత్తూరు దగ్గరి కారి మోటార్ స్పీడ్‌వే. ఫార్ములా భారత్ పోటీలు జరుగుతూ వచ్చినది అక్కడే. ఆ పేరు కరివర్ధన్‌గారిది. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబంవారు. ఆయన చేసిన పని మావాడికి వివరంగా చెప్పాను. విదేశీ ఇంజను తెప్పిస్తే పదిమందికి అందదని, దేశంలో ఎక్కడైనా విడిభాగాలు దొరికే మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెం కార్లు తయారుచేయించారు. అదే ఫార్ములా మారుతి. తర్వాత 2005లో ఫార్ములా వన్‌కు వెళ్లిన మొదటి భారతీయుడు నరైన్ కార్తికేయన్ మొదట పందెంలో దిగింది ఆ బండితోనే. కరివర్ధన్‌గారు 1995లో విమానప్రమాదంలో పోయారు, పాపం, నిండా యాభై ఏళ్లయినా రాకుండానే.

అక్కడితో అసలు తగవు మొదలయింది. మావాడి మనసు నాలుగు సిలిండర్ల 600 సి.సి. విదేశీ మోటారుసైకిల్ ఇంజనుమీద ఉన్నది. విద్యార్థుల పోటీ నిబంధన 710 సి.సి. దాకా ఒప్పుకుంటుందిట. కాని పెట్రోలు ఇంజనుకు గాలి పోయే దారిలో 20 మిల్లీమీటర్ల సన్నని గొట్టం పెట్టి తీరాలి. "మరి గొంతు నులిమిన తర్వాత ఎంత పెద్ద ఇంజనయితే ఏం లాభం?" అన్నాను. అలా కాదు, గొంతు నులిమినా పెద్దదానికి బలం ఎక్కువేనని వాడు వాదించాడు. నిజమే కావచ్చు. కాని అది చెడితే ఆటోనగర్‌లో బాగుచేసేదెవరు? పాత కె.టి.ఎం. బండిలోని 373 సి.సి. ఒంటి సిలిండరు ఇంజనయితే తేలిక, విడిభాగాలూ దొరుకుతాయి. పైగా మొత్తం 1000 మార్కుల్లో 325 బండి కదలకుండానే వస్తాయి, నమూనాకూ ఖర్చు లెక్కకూ వ్యాపార ప్రణాళికకూ. లెక్క రాయడానికి 600 సి.సి. అక్కరలేదు గదా! వాడు మొహం ముడుచుకున్నా కాగితంమీద కూడికలు మొదలుపెట్టాడు.

మర్నాడు అక్క అడిగింది ఒకటే: "బండి తిరగబడితే?" డ్రైవరు తలవెనక ఉండే ఉక్కు చట్రం అతుకులేని ఒకే గొట్టం వంచి చేయాలనీ, కట్టుకున్న పట్టీలన్నీ విప్పుకుని డ్రైవరు 5 సెకన్లలో బయటికి రావాలనీ, రాలేకపోతే బండిని పందెంలోకి రానివ్వరనీ చెప్పాను. అక్క నమ్మలేదు. సందు గోడవారన కుర్చీ వేసి, వాణ్ణి చున్నీలతో కట్టి, గడియారం పట్టుకు నిలబడింది. మొదటిసారి 11 సెకన్లు. నాలుగోసారికి 6.

చెల్లెలి ఫీజు ముందు కట్టేశారు. మిగిలినదాంట్లోంచి 25 వేలు ఇచ్చింది, తక్కినది సెమిస్టరు ఫలితాలు చూశాకనట. ఆదివారం ఆటోనగర్‌లో పాత ఇంజను చూడబోతున్నారు. 373దే.