కుచ్చిళ్లదే తప్పా?

"చీర కాస్త ఎత్తి పట్టుకోవాలి కదమ్మా!"

ఈ మాట మీలో ఎంతమంది విన్నారో గానీ, నేను మాత్రం కిందటి శ్రావణమాసంలో విన్నాను. అన్నది విజయవాడలో ఒక పెద్ద బట్టల షాపు మేనేజరు. అనిపించుకున్నది డెబ్భై రెండేళ్ల మా అత్తయ్యగారు. ఆ సమయానికి ఆవిడ ఎస్కలేటర్ కింద నేల మీద కూలబడి ఉన్నారు. ఆవిడ కుచ్చిళ్ల అంచు ఇంకా యంత్రం నోట్లోనే ఉంది.

వరలక్ష్మీ వ్రతానికి నాకూ మా ఆడబిడ్డకీ చీరలు కొందామని తెనాలి నుంచి బయల్దేరాం. షాపు నాలుగంతస్తులు. లిఫ్టు దగ్గర చాంతాడంత క్యూ. "మామూలు మెట్లు ఎక్కడ బాబూ?" అని అడిగితే ఒక కుర్రాడు చెయ్యి చూపించాడు. వెళ్లి చూస్తే మెట్ల నిండా అట్టపెట్టెలు! "అవి స్టాకు మెట్లు మేడమ్, ఎస్కలేటర్ ఎక్కండి, ఏం భయం లేదు" అన్నాడు. అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, దణ్ణం పెట్టుకుని మరీ ఎక్కారు.

చిక్కంతా దిగేటప్పుడొచ్చింది. నా రెండు చేతుల్లోనూ సంచులు. ముందు నేను దిగాను. వెనక నుంచి "అమ్మాయ్, ఎవరో లాగుతున్నారే!" అని ఆవిడ గొంతు. తిరిగి చూద్దును కదా, లాగుతున్నది మనుషులు కాదు, మెట్టు. గంజిపెట్టిన మంగళగిరి నేత చీర, కాళ్ల దగ్గర నుంచి లోపలికి పోతోంది. ఆవిడ మోకాళ్ల మీద పడిపోయారు. పైనుంచి జనం దిగుతూనే ఉన్నారు. సెక్యూరిటీ అతను ఈల వేశాడు. నేను పిచ్చిదానిలా చీర పట్టుకుని గుంజాను. చుట్టూ ఉన్నవాళ్లు "అయ్యో అయ్యో" అన్నారు. ఎవరూ చెయ్యాల్సిన పని చెయ్యలేదు.

చేసింది ఒక్కతే. అవతల నేల తుడుస్తున్న పాతికేళ్ల పిల్ల, కర్ర పారేసి పరిగెత్తుకొచ్చింది. "అందరూ గట్టిగా పట్టుకోండి!" అని పైవాళ్లకు ఒక్క కేక పెట్టి, పక్కనున్న ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టింది. మెట్లు జానెడు దూరం జరిగి ఆగిపోయాయి. ఫాల్ కుట్టే విభాగం నుంచి కత్తెర తెచ్చి చీర కత్తిరించారు. దేవుడి దయవల్ల మోకాలు చెక్కుకుపోవడం, కాలివేలు కమలడంతో పోయింది.

అప్పుడొచ్చాడు మేనేజరు. మాతో అన్నమాట పైనే చెప్పాను. ఆ పిల్లతో అన్నది ఇంకా బావుంది. "ఎవర్నడిగి ఆపావ్?"

నేనూ తక్కువ తిన్లేదు

ఆయన్ని తిట్టుకుంటూ స్టేషన్‌కి వచ్చానా, రైలెక్కాక నేనేం చేశానో తెలుసా? "అందుకే కదా అత్తయ్యా, కుచ్చిళ్లు పైకి కట్టుకోండి అని ఇంట్లోనే చెప్పాను!" అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు తప్ప ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఏ షాపుకి రమ్మన్నా "మీరెళ్లి రండమ్మా, నాకెందుకు" అంటున్నారు. యాభై ఏళ్లుగా సంక్రాంతికీ శ్రావణానికీ తన చేత్తో జరీ తడిమి చూసి, బేరమాడి కొన్న మనిషి! మేనేజరు మాట ఆవిడకి తగిలిందో లేదో గానీ నా మాట తగిలింది.

ఆలోచిస్తే సిగ్గేసింది. బస్సులో చున్నీ ఇరుక్కుంటే చున్నీదే తప్పు. బండి చక్రంలో కొంగు పడితే కొంగుదే తప్పు. మెట్టు చీరని మింగితే కుచ్చిళ్లదే తప్పు. ఎక్కడ ఏం జరిగినా మన బట్టలే బోనెక్కుతాయి. మరి ఆ షాపు అమ్మేది ఏమిటండీ? చీరలే కదా! వచ్చేవాళ్లు నూటికి తొంభైమంది చీరలూ చున్నీలూ కట్టుకున్న ఆడవాళ్లే అని తెలిసి పెట్టిన యంత్రం, చీర కట్టుకొస్తే పనికిరాదంటే ఆ తప్పు ఎవరిది?

యంత్రానికి కళ్లుండవు

ఆ తర్వాత ఈ కదిలే మెట్ల గురించి దొరికినవన్నీ చదివాను. తెలిసిన నాలుగు ముక్కలు మీకూ చెబుతాను.

ఇవి మామూలుగా సెకనుకి అర మీటరు వేగంతో నడుస్తాయి. వినడానికి నత్తనడకే. కానీ కాలో చీరో ఇరుక్కుంటే సెకనుకి మూరెడు గుడ్డ లోపలికి పోతుందన్నమాట. మెట్టుకీ పక్క గోడకీ మధ్య సందు ఒక్కో వైపున 4 మిల్లీమీటర్లకు మించకూడదని యూరప్ ప్రమాణాలు చెబుతున్నాయి. మన దేశానికీ ఎస్కలేటర్లు బిగించడానికీ, బాగోగులు చూడటానికీ ఐఎస్ 4591 అని ఒక ప్రమాణం 1968 నుంచి ఉంది. అయితే 4 మిల్లీమీటర్ల సందులో వేలు పట్టకపోవచ్చు, చీర అంచు సులువుగా పడుతుంది. అందుకే పక్కల చీపురుకట్టలా బ్రష్‌లు పెడతారు. అవి చెప్పులు తుడుచుకోవడానికి కాదు, "ఇక్కడికి రాకు" అని మన కాలికి చెప్పడానికి. మెట్లు నేలలోకి దూరేచోట దువ్వెన పళ్లలాంటి రేకు ఉంటుంది. ఆ పళ్లు మెట్టు గాడిలోకి సరిగ్గా దిగి ఉంటేనే కాలూ గుడ్డా పైకి తోసేస్తుంది. ఒక్క పన్ను విరిగినా అక్కడ నోరు తెరుచుకున్నట్టే. ఆ రోజు అత్తయ్యగారిని లేవదీస్తూ నేను చూసిన రేకుకి రెండు పళ్లు లేవు. మేనేజరు కంటికి చీర కనపడింది గానీ ఆ పళ్లు కనపడలేదు.

చీర కట్టని దేశాల్లోనూ ఇవి మనుషుల్ని పట్టుకుంటూనే ఉన్నాయి. 2006 జనవరి నుంచి ఎస్కలేటర్లలో ఇరుక్కున్నట్టు తమకు 77 ఫిర్యాదులొచ్చాయని అమెరికాలో వినియోగదారుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2008 మేలో చెప్పింది. అందులో రెండు తప్ప అన్నీ మెత్తగా వంగే చెప్పులవే. మరి వాళ్లకి కుచ్చిళ్లు లేవే!

తెలిసీ ఆపనివాళ్లు

2015 జులై 26న చైనాలోని జింగ్జౌ అనే ఊళ్లో జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఒక తల్లి చిన్న కొడుకుతో డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఎస్కలేటర్ ఎక్కింది. పైకి చేరగానే కాలి కింద రేకు కుంగిపోయింది. పడిపోతూ పిల్లాణ్ణి ముందుకి నెట్టేసింది. పిల్లాడు బతికాడు, తల్లి యంత్రంలోకి పోయింది. ఇంతకంటే బాధ ఏమిటంటే, ఆ రేకు కదులుతోందని అక్కడి పనివాళ్లకి కొద్ది నిమిషాల ముందే తెలుసు. అది కెమెరాలో కూడా పడింది. వాళ్లు పైన నిలబడి ఉన్నారు, హెచ్చరించబోయారు కూడా. ఎస్కలేటర్‌ని మాత్రం ఆపలేదు.

ఎందుకు ఆపలేదు? వాళ్లు రాక్షసులని నేననుకోను. ఆపితే బేరం ఆగుతుంది. పైవాడు "ఎవర్నడిగి ఆపావ్" అంటాడు. ఆ ప్రశ్న నేను స్వయంగా విన్నాను కాబట్టి నాకర్థమైంది. జింగ్జౌలో లేనిది, ఆ రోజు విజయవాడలో ఉన్నది ఒక్కటే. చీవాట్లకు వెరవని ఓ నేల తుడిచే పిల్ల.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, లండన్‌లో కింగ్స్ క్రాస్ అని భూగర్భ రైల్వే స్టేషన్ ఉంది. 1987 నవంబరు 18న అక్కడ చెక్క ఎస్కలేటర్ కింద మంటలు లేచి 31 మంది చనిపోయారు. ఎవరో పారేసిన అగ్గిపుల్ల, మెట్ల కింద ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డూ చెత్తా కలిసి ఆ పని చేశాయి. అంతకుముందూ అలాంటి చిన్న చిన్న మంటలు వచ్చేవట. కానీ అక్కడివాళ్లు వాటిని "మంట" అనేవాళ్లు కాదు, "పొగరాజుకోవడం" అని చిన్న పేరు పెట్టుకున్నారు. విచారణ జరిగాక గానీ చెక్క మెట్లు తీసేయడం, భద్రత మీద శ్రద్ధ పెరగడం జరగలేదు. మనమూ అంతే. పన్ను విరిగితే "చిన్న రిపేరు", అట్టపెట్టెలు అడ్డం పెడితే "సీజన్ కదండీ". అట్టపెట్టెలున్న ఆ మెట్లే నిప్పంటుకున్న రోజున అందరం పరిగెత్తాల్సిన దారి అని ఎవరికీ గుర్తుండదు.

కాటాకు ముద్ర ఉంది, మరి దీనికో?

మన వీధి చివర కిరాణా కొట్లో కిలో ఉల్లిపాయలు తూచే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఆటోకీ బస్సుకీ ఫిట్‌నెస్ కాగితం ఉండాలి. వందలమందిని మోసే ఈ మెట్ల మీద "ఫలానా తేదీన తనిఖీ చేశాం" అన్న బోర్డు మీరెక్కడైనా చూశారా? లిఫ్టుల మీద చట్టం బొంబాయిలో 1939లోనే వచ్చింది. మహారాష్ట్ర 2017లో దాన్ని ఎస్కలేటర్లకీ కలిపి కొత్తగా రాసుకుంది. కర్ణాటక 2012లో, ఉత్తరప్రదేశ్ 2024లో చట్టాలు చేశాయి. చట్టం ఉన్నంత మాత్రాన సరిపోదు లెండి, కాగితం గోడకు కనపడాలి. ఎవరు తనిఖీ చేశారు, ఎప్పుడు చేశారు, మళ్లీ ఎప్పుడు చేస్తారు అన్న మూడు ముక్కలు ఎక్కేచోట తెలుగులో రాసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుందని?

రెండో కోరిక, బటన్ గురించి. ఆపే హక్కు ఎవరికైనా ఉండాలి. తుడిచే పిల్లకీ, సెక్యూరిటీకీ, కొనడానికొచ్చిన మనకీ. పొరపాటున ఆపితే పోయేది అయిదు నిమిషాల వ్యాపారం. ఆపకపోతే పోయేదేమిటో జింగ్జౌ చెప్పింది. పని చేసేవాళ్లకి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే "అనుమానం వస్తే ఆపు, తర్వాత చెప్పు" అని నేర్పాలి. ఆపినందుకు చీవాట్లు పెట్టకూడదు.

మూడోది, మామూలు మెట్లు ఖాళీగా ఉంచడం. కదిలే మెట్లు వద్దనుకునే ముసలివాళ్లూ, గర్భిణులూ, చంకన పిల్లలున్నవాళ్లూ ఉంటారు. వాళ్లకి దారి ఇవ్వడం దయ కాదు, వ్యాపారి బాధ్యత.

అలాగని మనం చేతులు కట్టుకోనక్కర్లేదు

"అంటే ఆడవాళ్లు జాగ్రత్త పడక్కర్లేదా?" అని ఎవరైనా అడుగుతారు. పడాలి. రోడ్డు దాటేటప్పుడు పడమా? కానీ జాగ్రత్త వేరు, నేరం మోయడం వేరు.

ఎక్కే ముందు కుచ్చిళ్లూ కొంగూ ఒక చేత్తో దగ్గరికి పట్టుకుని, రెండో చేత్తో రెయిలింగు పట్టుకోవాలి. అంటే సంచులు ఇంకొకరికివ్వాలి, లేదా లిఫ్టు కోసం ఆగాలి. నేను చేసిన తప్పు అదే. పెద్దవాళ్లు ముందు, మనం వెనక నిలబడి ఉంటే చివర్లో చూసుకునేదాన్ని. మెట్టు మధ్యలో నిలబడాలి, పసుపు గీత దాటకూడదు. పిల్లల్ని కూర్చోనివ్వకూడదు, పక్క బ్రష్ మీద కాలు పెట్టనివ్వకూడదు. మెత్తటి రబ్బరు చెప్పులుంటే ఇంకా జాగ్రత్త. దిగగానే అక్కడే నిలబడి ఎటు వెళ్లాలా అని ఆలోచించకుండా నాలుగడుగులు ముందుకి వెయ్యాలి, వెనకవాళ్లని మెట్లు తోసుకొస్తూనే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఎర్ర బటన్ ఎక్కడుందో చూసుకోవడం. సాధారణంగా పైనొకటి, కిందొకటి ఉంటుంది. నొక్కే ముందు "పట్టుకోండి" అని ఒక్క కేక వెయ్యాలి. ఎందుకంటే ఠక్కున ఆగితే పైవాళ్లు పడిపోతారని, ఇవి కాస్త దూరం నడిచి ఆగేలా చేస్తారు. అందుకే ఆలస్యం చెయ్యకూడదు కూడా.

ఇదంతా రాశాక అత్తయ్యగారికి చదివి వినిపించి, రైల్లో అన్న మాటకి క్షమించమని అడిగాను. ఆవిడ ఆ మాట పట్టించుకోనట్టే, "ఆ పిల్ల ఉద్యోగం ఉంచారో లేదో, ఒకసారి కనుక్కోవే" అన్నారు. మర్నాడు వెళ్లాం, ఇద్దరమూ. ఆవిడ గుమ్మం బయట కుర్చీలో కూర్చున్నారు, లోపలికి రానన్నారు. ఆ పిల్ల అక్కడ లేదు. మానేసిందన్నారు, ఎందుకో చెప్పలేదు. ఎస్కలేటర్ నడుస్తూనే ఉంది. వంగి చూశాను. రేకుకి రెండు పళ్లు ఇంకా లేవు.

ఈసారి మేనేజరు చెప్పేది నేను వినలేదు. నేను చెప్పింది ఆయన విన్నాడు. ఫిర్యాదు కాగితం రాసిచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకున్నాను. మునిసిపల్ ఆఫీసుకి ఒక ప్రతి పంపాను. ఏమవుతుందో చూద్దాం. మీ ఊళ్లోనూ ఈసారి షాపుకో, స్టేషన్‌కో వెళ్లినప్పుడు కుచ్చిళ్లు చూసుకునే ముందు ఒక్కసారి ఆ రేకు పళ్లు లెక్కపెట్టండి. తక్కువుంటే ఎక్కకండి. ఎందుకు ఎక్కడం లేదో గట్టిగా, నలుగురికీ వినపడేలా చెప్పండి.