రోడ్డు మీద నిలబడి రైలు బొమ్మ తీస్తే నేరమా?

ఉప్పల్ చౌరస్తాలో సాయంత్రం ఐదున్నర దాటాక ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. కింద బస్సుల హారన్లు, ఆటోవాళ్ల కేకలు, వరంగల్ బస్సు కోసం సంచులు పట్టుకుని ఎదురుచూసే జనం. పైన నాగోలు వైపునుంచి వచ్చిన మెట్రో బండి హబ్సిగూడ దిక్కు మళ్లుతుంది. పడమటి ఎండ అద్దాల మీద పడి ఒక్క క్షణం బండి మొత్తం మెరుస్తుంది. 2017 నవంబరులో ఈ బండి మొదలైనప్పుడు ఊరంతా తలెత్తి చూసింది. నాకు ఇప్పటికీ తలెత్తి చూడటం మానబుద్ధి కాదు.

పోయిన ఏడాది అలాగే ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాను. యూనిఫారం వేసుకున్న ఒకాయన వచ్చాడు.

"ఏం తీస్తున్నవ్ తమ్మీ? ఇక్కడ తీయొద్దు. డిలీట్ కొట్టు."

"ఎందుకన్నా? నేను రోడ్డు మీదే ఉన్నా కదా?"

"రూల్ ఉంది."

"ఏ రూలన్నా?"

"అదంతా నాకు తెల్వదు. కొడ్తవా, సార్‌ని పిలవాల్నా?"

కొట్టాను. నలుగురూ చూస్తున్నారని సిగ్గుపడి, గొడవెందుకని భయపడి చెరిపేశాను. ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. పన్నెండు గంటలు నిలబడి ఉద్యోగం చేసేవాడికి పైవాళ్లు ఏం చెబితే అదే శాసనం. తప్పు నాది. ఏ చట్టమో తెలుసుకోకుండానే తలవంచాను. డిగ్రీ చదువుతున్నానని చెప్పుకునే వాడికి ఇది గౌరవం కాదు. అందుకని ఆ తర్వాత లైబ్రరీలో కూర్చుని వెతికాను. తెలిసింది మీతో పంచుకుంటున్నాను.

అందరూ మొదట భయపెట్టేది 1923 నాటి అధికార రహస్యాల చట్టంతో. తెల్లవాడు చేసిపెట్టిన చట్టం. రాజ్యానికి హాని చేసే ఉద్దేశంతో నిషిద్ధ స్థలం దగ్గరికి పోవడం, శత్రువుకి పనికొచ్చే నక్షలు, పటాలు తయారుచేయడం నేరమంటుంది మూడో సెక్షను. బాగుంది. కానీ అదే చట్టం ఇంకోమాట కూడా అంటుంది. మామూలు రైలుమార్గం నిషిద్ధ స్థలం కావాలంటే కేంద్రప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించాలి. రైలు పట్టా కనబడిన ప్రతిచోటూ దానంతటదే నిషిద్ధ స్థలం అయిపోదు. 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి సాక్షాత్తూ పోలీసు స్టేషనే ఈ చట్టం కింద నిషిద్ధ స్థలం కాదనీ, అక్కడ వీడియో తీయడం ఈ చట్టం ప్రకారం నేరం కాదనీ చెప్పింది. మరి ఉప్పల్ ఫుట్‌పాత్ ఏ పాపం చేసింది?

రెండోది 1989 నాటి రైల్వే చట్టం. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి చొరబడితే 147వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది న్యాయమైనదే. కానీ ఆ సెక్షను పట్టాల మీదికి పోయినవాడికి. నాచారం నుంచి వచ్చి లాలాపేట వంతెన మీద నిలబడి, కింద కాజీపేట వైపు పోయే బండిని చూసేవాడు ఎందులోకి చొరబడ్డాడు?

"శాఖాపరమైన ఆదేశాలున్నాయి" అంటారు. ఉండొచ్చు. తమ ఆవరణలో, ప్లాట్‌ఫాం మీద అనుమతి తీసుకోమని చెప్పే అధికారం వాళ్లకుంది. అక్కడ అడిగే తీయాలి. కానీ వీధిలో నిలబడ్డ పౌరుడికి ఆఫీసు సర్క్యులరు చట్టం కాదు. పోలీసు శాఖ తనకు తాను రాసుకున్న నిబంధనలకి చట్టం ఆధారం లేకపోతే వాటితో పౌరుడి స్వేచ్ఛకి అడ్డుకట్ట వేయలేరని 1962లోనే ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక ఆ "డిలీట్ కొట్టు" సంగతి. నేను తీసింది నేరమైతే ఆ బొమ్మ సాక్ష్యం, దాన్ని చెరపకూడదు. నేరం కాకపోతే అది నా సొత్తు, అప్పుడూ చెరిపించకూడదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షను ప్రకారం, నేరం జరిగిందన్న అనుమానం కలిగించే వస్తువుని పోలీసు అధికారి స్వాధీనం చేసుకోవచ్చు. ఆ సంగతి మేజిస్ట్రేటుకి తెలియజేయాలి. అందులో చెరిపించే మాటే లేదు. గార్డు ఊసు అసలే లేదు.

"బాంబులు పేలిన ఊరు బాబూ ఇది" అని మా లెక్చరరు ఒకరు అన్నారు. నిజమే. 2007లో లుంబినీ పార్కు, కోఠీ, 2013లో దిల్‌సుఖ్‌నగర్ ఎవరూ మరిచిపోలేదు. అనుమానం వస్తే పేరడగండి, ఐడీ కార్డు చూడండి, తీసింది చూపించమనండి. నేను సంతోషంగా చూపిస్తాను. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. మన ఉప్పల్లోనే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల ప్రాంగణముంది. దేశంలో పటాలన్నిటికీ పెద్దదిక్కు ఆ సంస్థ. ఎన్నో దశాబ్దాలు పటాల మీద కట్టుబాట్లు పెట్టిన ప్రభుత్వమే 2021 ఫిబ్రవరిలో వాటిని సడలించింది. 2022లో గూగుల్ వాళ్ల స్ట్రీట్ వ్యూ హైదరాబాదుతో సహా పది నగరాల్లో మొదలైంది. కంపెనీ కారు వీధివీధి తిరిగి బొమ్మలు తీస్తే అభివృద్ధి, కాలేజీ కుర్రాడు ఫోను ఎత్తితే కుట్రా?

అలాగని హక్కు ఉందని ఎగరడం కూడా తప్పే. రీలు కోసం పట్టాల మీదికి దిగేవాడు నా దృష్టిలో ఫోటోగ్రాఫరు కాడు. పైన తీగల్లో 25,000 వోల్టుల కరెంటుంది. వంతెన మీద సెల్ఫీ కర్ర చాపితే ప్రాణం పోతుంది. కిటికీ పక్కన కూర్చున్న ఆడపిల్ల మీదికి జూమ్ చేసేవాడిది సరదా కాదు, లేకితనం. బండిని తీయండి, మనుషుల మర్యాద తీయకండి.

1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన రాజా దీనదయాళ్ తీసిన బొమ్మల వల్లే ఆనాటి మన నగరం ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలుస్తోంది. ఇవాళ్టి ఉప్పల్, నాచారం రేపటివాళ్లకి ఎలా తెలియాలి? ఎవరో ఒకరు రోడ్డు మీద నిలబడి తీయాలిగా!

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు చాలు. దక్షిణ మధ్య రైల్వేకి ఒకటి, మెట్రో వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యాలయానికి ఒకటి పంపుదాం. "బహిరంగ రహదారి మీదనుంచి రైలు ఫోటో తీయడాన్ని ఏ చట్టం, ఏ సెక్షను నిషేధిస్తోంది?" ఒకే ఒక్క ప్రశ్న. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నిషేధం ఉంటే ఆ సెక్షను రాసి బోర్డు పెట్టమందాం, తలవంచుదాం. లేకపోతే ఆ జవాబు కాపీ ఒకటి నా జేబులో పెట్టుకుని మళ్లీ ఉప్పల్ చౌరస్తాకి వెళ్తాను. అదే ఫుట్‌పాత్ మీద, అదే ఐదున్నరకి.

ఈసారి ఆ అన్నకి చూపించి మరీ తీస్తాను.