మాకు కనబడలేదండీ!



2025 సెప్టెంబర్ 19న ట్రంప్ కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు వేశాడు. ఇక చూడండి, టీవీల్లో, ఫ్యామిలీ గ్రూపుల్లో ఒకటే గోల. వివక్ష అట. ఎక్కడ పుట్టాడో చూసి మనిషికి విలువ కడతారా అట. అన్యాయమే, కాదనను. అప్పు చేసి ఎం.ఎస్.కి వెళ్లిన మన వాడల పిల్లలకి ఇంకా గట్టిగా తగిలే దెబ్బ అది. కానీ ఆ మాటలు ఏ నోళ్లలోంచి వస్తున్నాయో గమనించారా? "ఈ రోజుల్లో కులం ఎక్కడుందండీ" అని ఇన్నేళ్లూ మనకి క్లాసు పీకిన నోళ్లే.

మనలో చాలామందికి ఒక ఆశ ఉంది. మీటింగుల్లో కూడా వింటుంటాను. "వాళ్లకీ ఒకసారి తగిలితే మన బాధ అర్థమవుతుందన్నా" అని. ఆ ఆశ మీదే నా పేచీ. ఎందుకంటే ఆ పరీక్ష ఎప్పుడో జరిగిపోయింది. అమెరికాలో జరిగింది.

అక్కడ వాళ్లు మైనారిటీ. రంగు చూసి, యాస విని పక్కన పెట్టడం ఏమిటో ఒంటి మీద తెలిసింది. రేసిజం అన్న మాట బాగా నేర్చుకున్నారు. మరి 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షని నిషేధిస్తే ఏమైంది? అమెరికాలో ఏ నగరమూ అంతకు ముందు చేయని పని అది. సంతోషించాలి కదా? అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటిదే ఎస్‌బీ 403 బిల్లు వస్తే కొన్ని హిందూ సంఘాలు కాళ్లకి బలపాలు కట్టుకుని తిరిగి వ్యతిరేకించాయి. మా సమాజాన్ని వేలెత్తి చూపిస్తున్నారని వాదించాయి. బిల్లు ఉభయ సభల్లో గెలిచింది. అక్టోబర్ 7న గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. తమ మీద వివక్ష వద్దన్నవాళ్లే, తాము చేసే వివక్షకి చట్టంలో పేరు పెట్టొద్దన్నారు. తగిలింది, తెలిసింది, అయినా మారలేదు.

దెబ్బ తగిలి నిజంగా మారినవాళ్లూ కొందరున్నారు. వాళ్లతో తగువు లేదు. చప్పట్లు కూడా లేవు.

అసలు "కనబడలేదు" అన్నదే అబద్ధం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దె ఇల్లు అడగండి. ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు? నాన్‌వెజ్ తింటారా? సీబీఐ వాడు కూడా అంత ఓపిగ్గా అడగడు. పెళ్లి సంబంధాల సైట్లో ఉపకులం, శాఖ, గోత్రం దాకా వెతుకుతారు. అంత సూక్ష్మంగా చూసే కళ్లకి టీ కొట్టు దగ్గర వేరే గ్లాసు మాత్రం కనబడలేదట! ఊరి చివర వేరే శ్మశానం కనబడలేదట! లాభం ఉన్నచోట కులం కనబడుతుంది. లెక్క అడిగేచోట మాయమవుతుంది. దీన్ని మానవ సహజం అనేవాళ్లు ఒక్క పేరుకి జవాబు చెప్పాలి.

జోతిరావు ఫూలే. పుణెలో కూర్చుని 1873లో గులాంగిరి రాశాడు. నల్లజాతి వాళ్లని బానిసత్వం నుంచి విడిపించడానికి పోరాడిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. ఆ బానిసత్వం ఆయన ఇంటికి వచ్చిందా? సముద్రం అవతలి సంగతి. వీసా అవసరం లేదు, అక్కడ ఉద్యోగం చేసే కొడుకు లేడు. అయినా చూశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నదీ నల్లజాతి వాళ్ల బ్లాక్ పాంథర్స్‌ని చూసే. దెబ్బతిన్నవాడు తన గాయంలోంచి పక్కవాడి గాయాన్ని చూశాడు. వీళ్లు తమ గాయాన్ని ఒక్కదాన్నే చూసుకుంటున్నారు. కాబట్టి వాళ్లకి ఎప్పుడో తగులుతుందని మనం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. చట్టం కావాలి, పాలసీలో ఆ మాట రాసి ఉండాలి.

ఈసారి బయల్దేరుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వెళ్లేముందు ఒక పని చేయండి. మీ యూనివర్సిటీ వివక్ష వ్యతిరేక పాలసీ తెరిచి అందులో కులం అన్న మాట ఉందో లేదో చూడండి. బ్రాండైస్ 2019లోనే పెట్టింది, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో పెట్టింది. మీదాంట్లో లేకపోతే మొదటి సెమిస్టర్‌లోనే అడగండి. రూమ్మేట్ ఇంటిపేరు అడిగినా, భుజం తట్టే నెపంతో జంధ్యం తడిమి చూసినా, తేదీ వేసి రాసిపెట్టుకోండి. న్యూసమ్ వీటో చేస్తూ చెప్పిన కారణం కూడా గుర్తుంచుకోండి: ఇప్పుడున్న చట్టాల కిందే కుల వివక్ష నిషేధమట. సరే, అయితే ఆ చట్టం కిందే ఫిర్యాదు చేద్దాం.