206కు దండ వేసేదెవరు?

404 అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. పేజీ దొరకలేదని వెబ్ సర్వర్ చెప్పే ఆ అంకె మీద జోకులున్నాయి, టీషర్టులున్నాయి. తెగిన డౌన్‌లోడును అతికించే 206 పేరు ఎవరి నోటా వినను. ఇందల్వాయిలో నెట్ సెంటర్ నడుపుకునేవాణ్ణి, నాకు కడుపు మండుతుంది.

మొన్న ఒక డిగ్రీ పిల్ల పాత తెలుగు పుస్తకం కావాలని వచ్చింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడున్నాయి. 60 ఎంబీ ఫైలు. 40 దిగేసరికి నెట్ పోయింది.

"అన్నా, మళ్ల మొదటికెల్లేనా?"

"ఏం గాదు చెల్లే, ఆగు."

లైను వచ్చాక రెజ్యూమ్ నొక్కాను. 4,19,43,040 నంబరు బైటు నుంచి ఇమ్మని బ్రౌజర్ అడిగింది. లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి సరిగ్గా తెగిన చోటు అదే. ఫైలు గుర్తును కూడా జతచేసి, ఇది మారకుంటే మిగిలిందే పంపు, మారితే మొత్తం పంపు అంది. సర్వర్ 206 అని చెప్పి ఆ 20 ఎంబీలే పంపింది. బోధన్‌లో లోడెత్తిన లారీ మా టోల్ గేటు దగ్గర పంచరైతే, మళ్ల బోధన్ పోయి ఎత్తుకొని రమ్మంటమా?

206 పని అంతటితో అయిపోదు. పీడీఎఫ్‌లో ఏది ఎక్కడుందో చెప్పే చిట్టా సాధారణంగా ఫైలు తోకలో ఉంటుంది. చదివే సాఫ్ట్‌వేర్ ముందు తోక తెప్పించుకుని, తర్వాత కావలసిన పేజీ ముక్కను అడగగలదు. సినిమా ఫైలు మధ్యలో పాట దగ్గరికి గీత జరిపితే టక్కున మొదలయ్యేదీ చాలాచోట్ల ఈ ఉపాయంతోనే.

1997 జనవరి నుంచి, బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే ఎచ్‌టీటీపీ 1.1లో ఉన్న సదుపాయమిది. పాపం, వార్తకెక్కింది మాత్రం 2011 ఆగస్టులో. ఒకే ఫైలును ఒకదానిమీదొకటి పడే ముక్కలుగా గుట్టలకొద్దీ అడిగి అపాచీ సర్వర్లను పడగొట్టారు. మంచి చేసినన్నాళ్లు గుర్తురాలేదు, నింద పడగానే పేరొచ్చింది.

పైగా ముక్క అడిగితే పట్టించుకోవాలన్న నిర్బంధం సర్వర్‌కు లేదు. నా ఏడుపంతా అక్కడే. కొన్ని సైట్లు అడిగిన ప్రతిసారీ ప్రోగ్రాంతో ఫైలు వండి వడ్డిస్తాయి. మనం ముక్క అడిగినా 206 బదులు 200 అని మొత్తం మళ్లీ మొదలుపెడతాయి. అయ్యా, ఆ ఫైలును మామూలు ఫైలుగా పెట్టండి చాలు. అపాచీ అయినా ఎన్‌జినెక్స్ అయినా ముక్కల లెక్క తనే చూసుకుంటుంది. పట్నంలో ఫైబర్ మీద పరీక్షించి బాగుందనుకునే ముందు, ఒక్కసారి సగంలో వైరు పీకి చూడండి.

పోయిన నెల ఒక పెద్దమనిషి భూమి కాగితాల పీడీఎఫ్ కోసం కూర్చున్నాడు. మూడుసార్లు తొంభై శాతం దాటి తెగింది, మూడుసార్లూ సున్నా నుంచే. నాలుగోసారి నొక్కబోతుంటే లేచి, తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"బస్సు పోతది తమ్మీ, రేపొస్త."