పని ఊరిది, లెక్క ఎవరిది?

ఎండాకాలం వచ్చిందంటే మన మిడుతూరు మండలంలో పనులు మొదలవుతాయి. ఒక ఊరిలో సిమెంటు రోడ్డు, ఇంకొక ఊరిలో మురుగు కాలువ, మరొకచోట బడికి ప్రహరీ గోడ. కంకర దిగుతుంది, మిక్సరు తిరుగుతుంది, నాలుగు రోజుల్లో పని అయిపోతుంది. ఆ పని ఎవరు ఒప్పుకున్నారు, ఎంతకు ఒప్పుకున్నారు, ఎన్నాళ్ళు నిలవాలి అని అడిగితే చెప్పేవారు ఉండరు. నల్లరేగడి నేల మీద వేసిన రోడ్డు రెండు వానలకు పగిలినప్పుడు మాత్రం రచ్చకట్ట మీద అందరూ మాట్లాడుతారు. అప్పటికి బిల్లు అయిపోయి ఉంటుంది.

కంట్రాక్టుల కథ మన ప్రాంతానికి కొత్తది కాదు. మన కె.సి. కాలువ తవ్వకాన్ని 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ చేపట్టింది. పెట్టుబడి మీద నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వం పూచీ పడింది. లాభం వచ్చినా రాకున్నా వడ్డీ దక్కేటప్పుడు ఖర్చు తగ్గించుకోవలసిన అవసరం ఎవరికి? ఖర్చు పెరిగింది. అనుకున్నంత ఆయకట్టు సాగులోకి రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చింది. ఒప్పందం రాసేటప్పుడు చేసిన పొరపాటుకు మూల్యం చెల్లించేది పన్ను కట్టే ప్రజలేనని అప్పుడే తేలిపోయింది.

ఇప్పటి పద్ధతి ఏమిటో ప్రతి రైతూ తెలుసుకోవాలి. ముందు ఇంజనీరు ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారం అంచనా వేస్తాడు. తరువాత టెండరు పిలుస్తారు. పూర్వం ఆఫీసులో పెట్టెలో కాగితం వేయవలసి వచ్చేది. వేయనీయకుండా గుమ్మం దగ్గరే అడ్డుకునే మొనగాళ్ళు ఉండేవారు. 2003 నుంచి మన రాష్ట్రంలో కంప్యూటరు ద్వారా టెండరు వేసే పద్ధతి వచ్చింది. 2019లో రివర్స్ టెండరు అన్నారు, 2024లో దానిని రద్దు చేశారు. పద్ధతులు పైన మారుతున్నాయి గాని, కింద పోసే సిమెంటు పాలు సరిగా ఉన్నదా అన్న ప్రశ్న మాత్రం అట్లాగే ఉన్నది.

ప్రజల సొమ్ముకు రక్షణ లేకపోలేదు. 2003 జూలై 1న వచ్చిన 94వ నంబరు జీవో కొన్ని కట్టుబాట్లు పెట్టింది. 10 లక్షల పని అనుకుందాము. టెండరుతో పాటు నూటికి 1 చొప్పున 10 వేలు ధరావతు కట్టాలి. అగ్రిమెంటు నాడు ఇంకొక 15 వేలు. బిల్లుల నుంచి నూటికి ఏడున్నర చొప్పున పట్టి ఉంచుతారు. అంటే లక్ష రూపాయల దాకా ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది. అంచనాకు నూటికి 5 మించి ఎక్కువ వేసిన టెండరు చెల్లదు. పోటీ మీద మరీ తగ్గించి 7 లక్షలకే చేస్తానంటే, ఏడున్నర లక్షలకు తక్కువపడిన 50 వేలు అదనంగా పూచీ చూపించాలి. ఇసుక పాలు పెంచి లాభం లాగుతాడేమోనన్న భయంతోనే ఈ నియమం పెట్టారు.

పని జరుగుతుండగా ఇంజనీరు కొలతలు తీసి ఎం-బుక్కులో రాస్తాడు. పై ఇంజనీరు వాటిని తనిఖీ చేస్తాడు. ఆ పుస్తకంలో ఎక్కిన కొలతకే బిల్లు. పని పూర్తి అయిన తరువాత కూడా అగ్రిమెంటులో రాసిన గడువు వరకు లోపాలను కంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలి. ఈ గడువు చాలా పనులకు 2 సంవత్సరాలు ఉంటుంది. ఈ సంగతి తెలియకనే పగిలిన రోడ్డుకు మళ్ళీ కొత్త నిధులు ఇమ్మని మనం అర్జీలు పెడుతున్నాము. అడగవలసింది కొత్త నిధులు కాదు, పాత పూచీ.

కట్టడం ఎంత ముఖ్యమో, కట్టిన తరువాత కనిపెట్టి ఉండడమూ అంతే ముఖ్యమని మన మండలంలోని అలగనూరు రిజర్వాయరు కట్ట కుంగినప్పుడు చూశాము.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. కంట్రాక్టర్లందరూ దొంగలు కారు. అప్పు తెచ్చి పని చేసి, బిల్లు కోసం నెలల తరబడి తిరిగేవారు ఉన్నారు. బిల్లు ఎప్పుడు వస్తుందో తెలియనివాడు వడ్డీని కూడా పనిలోనే లాగాలని చూస్తాడు. మంచి పని కావాలంటే సకాలంలో బిల్లు ఇవ్వడం కూడా ప్రభుత్వ బాధ్యతే.

ఊరివారి చేతిలో ఆయుధం లేకపోలేదు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కాగితాల నకళ్ళు అడిగే హక్కు ఒక్కటే ఇవ్వలేదు. జరుగుతున్న పనిని పరిశీలించే హక్కు, వాడిన సామగ్రికి ధ్రువీకరించిన నమూనా అడిగే హక్కు కూడా ఇచ్చింది. అర్జీకి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే ఒక్కడు అడిగితే పగ అంటారు, ఊరు అడిగితే లెక్క అంటారు. కనుక పదిమంది సంతకాలు చేసి అడగడం మంచిది.

అధికారులను మేము కోరేది పెద్ద సంగతి కాదు. ప్రతి పని దగ్గర అంచనా ఎంత, ఒప్పుకున్నది ఎంత, కంట్రాక్టరు ఎవరు, ఏ తేదీకి ముగించాలి, పూచీ ఎప్పటి వరకు అన్న ఐదు సంగతులు తెలుగులో బోర్డు మీద రాయించాలి. చివరి బిల్లుకు ముందు ఎం-బుక్కు కొలతలను గ్రామసభలో చదివి వినిపించాలి. పూచీ గడువు ముగిసే ముందు ఊరి పెద్దల ఎదుట పనిని మరొకసారి చూసి, ఆ తరువాతనే పట్టి ఉంచిన సొమ్ము విడుదల చేయాలి.

దీనికి కొత్త చట్టం అక్కర లేదు. ఒక డబ్బా రంగు, ఒక రేకు, కొంత చిత్తశుద్ధి చాలు. ఇంటి గోడ కట్టించేటప్పుడు మేస్త్రీ పక్కనే నిలబడి ఇసుక ఎంత, సిమెంటు ఎంత అని చూసే మనము, ఊరి గోడ దగ్గర కూడా ఒక పూట నిలబడాలి.